నాన్న ఉండగా

“మీసం తీసెయ్యాలి సార్,” అన్నాడు జానీబాషా.

“మాస్కు మార్చు,” అన్నాడు అంకారావు.

జానీబాషా నిద్రలో ఊపిరి నిలబెట్టే మెషిన్లు అమ్ముతాడు. ఇంటికొచ్చి బిగించి, ఎలా పెట్టుకోవాలో నేర్పుతాడు. విజయవాడ నుంచి తిరువూరు రావడం ఈ నెలలో ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ అదే మాట, అదే జవాబు.

అంకారావుకి నిద్రలో ఊపిరి ఆగిపోతోంది. గంటకి యాభై రెండు సార్లు. టెస్టు చేసిన డాక్టరు ఆ అంకె చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. మూడు మాత్రలు మింగినా బీపీ దిగడం లేదు. తన పురుగుమందుల కొట్లో, రైతు మందు పేరు చెప్పేలోగా అంకారావు గురక పెడుతున్నాడు.

“గుండె ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో నేను చెప్పలేను,” అన్నాడు డాక్టరు. “దీనికి మెషినే మందు.”

మెషిను గొట్టంలోంచి గాలి పంపిస్తుంది. ఆ గాలి ముక్కు మీది మాస్కులోంచి లోపలికి పోవాలి. అంకారావు ముక్కు కింద మీసం ఉంది. ఆషామాషీ మీసం కాదు, దువ్వెన పెట్టి దువ్వే మీసం. దాని మీద మాస్కు అంచు కూర్చోదు. సందులోంచి గాలి బుస్సుమని తన్నుకొచ్చి సరిగ్గా కళ్లలోకి కొడుతుంది. తెల్లారేసరికి కళ్లు పండు మిరపకాయలు.

వాజలైన్ రాశారు. మాస్కు జారి మెడలోకొచ్చింది. పట్టీలు బిగించారు. చెంపల మీద వాతలు తేలాయి. నోరూ ముక్కూ కలిపి మూసే పెద్ద మాస్కు తెస్తే, గోనెసంచిలో పెట్టి కుట్టేసినట్టుందని పది నిమిషాల్లో పీకేశాడు. మీసాన్ని సగానికి కత్తిరించి చూశారు. మిగిలిన సగం మొనలు రబ్బరుని పొడిచాయి.

“మీసానికేముందండీ, మళ్లీ మొలుస్తుంది,” అంది భార్య వినీల.

“నాన్న ఉండగా మీసం తీయకూడదు.”

“మావయ్యగారు మాత్రం కొడుకు ప్రాణం కన్నా మీసం ముఖ్యమంటారా?”

“ఆయన సంగతి నీకు తెలీదు. తిరుపతిలో నాకు గుండు చేయిస్తున్నప్పుడు, కత్తి మీసం మీదికి రాకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. ‘నేనింకా ఉన్నానురా’ అన్నాడు.”

జానీబాషా గొంతు సవరించుకున్నాడు. “పెద్దాయనతో నేను ఫోన్లో మాట్లాడనా సార్? పెద్దవాళ్లకి నచ్చజెప్పడం నాకలవాటే.”

“ఆయన దగ్గర ఫోన్ లేదు.”

“పోనీ వెళ్లి కలుస్తా. ఏ ఊళ్లో ఉంటారు?”

“చాలా దూరంలే,” అన్నాడు అంకారావు.

వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతున్న అతని తల్లి సరోజినీదేవి తలెత్తలేదు. ఆవిడకి డెబ్బై నాలుగు. భర్త ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆవిడ చేతిలో పని వేగం పెరుగుతుంది.

జానీబాషా మెషిను సర్దిపెట్టి బస్సెక్కాడు.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి అంకారావు కూతురు అనూహ్యని కాలేజీ నుంచి కార్లో తీసుకొస్తున్నాడు. విస్సన్నపేట రోడ్డు మీద, ఎదురుగా ఒక్క బండి కూడా లేని చోట, నిద్రపోయాడు. కారు పత్తిచేలోకి దిగి, ఇరవై సాళ్లు దున్ని ఆగింది. అతనికి గీత కూడా పడలేదు. పక్కసీట్లోంచి స్టీరింగ్ లాగబోయిన అనూహ్యకి చెయ్యి విరిగింది.

మర్నాడు సాయంత్రం పిల్ల కట్టుతో ఇంటికొచ్చింది.

“నాకేం కాలేదులే నాయనమ్మా,” అంది. “పోయింది పత్తే.”

సరోజినీదేవి ఆ కట్టు వంక చూసింది. కుర్చీలో అప్పుడే తల వాల్చేసిన కొడుకు వంక చూసింది. చెప్పులేసుకుంది.

“లే. పద.”

“ఎక్కడికమ్మా?”

“సెలూన్‌కి.”

అంకారావుకి నిద్ర ఎగిరిపోయింది. “అమ్మా, నాన్న...”

“మీ నాన్నకి నేను చెప్పుకుంటాను.”

“నువ్వేనా అంటున్నది?”

“నేనే. నీకు ఊపిరి ఆగుతోంది. వినబడుతోందా?”

తన సెలూన్లో ఆడమనిషి కూర్చోవడం యోసేపు ఎప్పుడూ చూడలేదు. ఆవిడ బెంచీ మీది పాత పేపర్లు పక్కకి జరిపి, గోడకి ఆనుకోకుండా కూర్చుంది. యోసేపు కత్తికి కొత్త బ్లేడు తొడిగాడు. సబ్బు నురగ పూశాడు. మీసం దాకా వచ్చి చెయ్యి ఆపి, అద్దంలోంచి ఆవిడ వంక చూశాడు.

“తీయమంటారా అమ్మా?”

“తియ్యి.”

“ఇంకొక్కసారి ఆలోచించుకుని...”

“ఆలోచించుకోడానికి చాలా టైమే దొరికింది యోసేపూ. తియ్యి.”

రెండు నిమిషాలు పట్టింది. అంకారావు కళ్లు మూసుకున్నాడు. ఈసారి నిద్ర కాదు.

ఆ రాత్రి మాస్కు మొహానికి అతుక్కుపోయింది. పొద్దున లేచి మెషిన్లో అంకె చూశాడు. రెండు. యాభై రెండు కాదు, ఉత్త రెండు. వినీల ఆ అంకెకి ఫొటో తీసి జానీబాషాకి పంపింది. అనూహ్య నాన్న మొహాన్ని అన్ని వైపుల నుంచీ చూసి, “బానే ఉన్నావు, కొంచెం కొత్త లెక్చరర్‌లా,” అని తీర్పు చెప్పింది.

తల్లికి మందులు కొనాలని అంకారావు ఆవిణ్ణి తీసుకుని బయల్దేరాడు. నిరుడు ఎదురింట్లోకి అద్దెకొచ్చిన రోషన్ బీ గుమ్మం కడుగుతోంది. అతని మొహం చూసింది. చేతిలో చెంబు కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని గబగబా వచ్చింది.

“అయ్యో, పెద్దాయన పోయారా! మాకొక్క మాట చెప్పలేదేంటమ్మా? ఎప్పుడు?”



“తెలీదమ్మా,” అంది సరోజినీదేవి, “ఇరవై రెండేళ్ల క్రితం మామిడికాయల లారీ ఎక్కి నాగపూర్ వెళ్లి ఇంకా తిరిగిరాని మనిషి, నిన్న సాయంత్రం దాకా ఉన్నాడు, ఆ తర్వాత పోయాడని నేనే ఒప్పుకున్నాను.”