కార్డు లేని మనిషి

"యాడిదానివి మ్మే నువ్వు? మా పేర్లు నీకేంటికి?"

సంజీవమ్మ తలుపు పూర్తిగా తీయలేదు. గొలుసు తగిలించే ఉంచి సందులోంచి అడిగింది.

బయట ముప్పై ఏళ్ల మనిషి. చంకలో ఫైలు, చేతిలో పెన్ను.

"నా పేరు అరుణజ్యోతి అక్కా. మాది మైదుకూరు. ఈడ ఒక ఆస్పత్రిలో టైపిస్టును. పాస్‌పోర్టు లేనోళ్లు ఉండారంటే వచ్చినా."

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి మూడు వారాలైంది. పనిలో పెట్టుకున్న కఫీళ్లు సరిహద్దు దాటిపోయారు. పోతూ పోతూ పనిమనుషుల పాస్‌పోర్టులు బీరువాల్లోనే ఉంచి తాళాలు వేసుకుని పోయారు. అలా గాలికి వదిలేసిన పదకొండు మంది ఆడవాళ్లు మహబూలాలోని ఈ రెండు గదుల్లో తలదాచుకున్నారు. అందరికీ పెద్దదిక్కు రాయచోటి సంజీవమ్మ. ప్రాణాలతో ఇల్లు చేరితే చాలు, ఇంకేమీ వద్దని రోజూ దండం పెట్టుకుంటోంది.

అలాంటి వేళ ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి పేర్లు రాసుకుంటానంటే ఎవరు నమ్ముతారు? సైనికులకు కబుర్లు మోసేవాళ్లు వీధికొకరు ఉన్నారాయె.

చివరికి జగిత్యాల లస్మవ్వే గొలుసు తీసింది.

"పోనియ్యక్కా, ఆడామె గద. ఎండల నిలవడ్డది."

అరుణజ్యోతి ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఊరేది, తల్లి పేరేమిటి, ఎవరింట్లో పని, ఒంటిమీద గుర్తులేమిటి. సంజీవమ్మ కుడిచేతి మీది మచ్చను కూడా వదల్లేదు.

"ఇది ఎట్లయింది అక్కా?"

"ఆ ఇంటి దొరసాని, మామా, కాలే ఇస్త్రీపెట్టె పెట్టింది. అది గూడా రాస్తావా?"

"రాస్తా."

పోలీసోళ్లు కూడా ఇన్ని అడగరు, అనుకుంది సంజీవమ్మ.

మూడో రోజు అసలు సంగతి బయటపడింది. అరుణజ్యోతి ఫైలు అడుగు నుంచి ఇంకో కాగితం తీసి, ఇంకు ప్యాడు మూత తెరిచి, వేలిముద్ర వేయమంది.

సంజీవమ్మ చెయ్యి చటుక్కున కొంగులోకి పోయింది. గల్ఫుకొచ్చిన ఆడది ఏదైనా మరచిపోతుంది గానీ, ఏజెంటు ఉత్త కాగితం మీద వేయించుకున్న వేలిముద్రను మరచిపోదు. ఐదేళ్లదాకా ఇంటికి పంపమని అడగనని ఆమె ఒప్పుకున్నట్టు వాడు ఆ ముద్ర పైన రాసుకున్నాడు మరి.

"ఏం రాసుండాది దీంట్లో?"

"మన రాష్ట్ర ప్రభుత్వానికి అర్జీ అక్కా. సోషల్ వర్కు చదివినోళ్లకు లైసెన్సు ఇయ్యాల, దానికి చట్టం తేవాల అని. డాక్టరుకుంది, లాయరుకుంది, ఆ చదువు చదివిన మాకు లేదు. బ్రోకర్లు గూడా మేం సేవ చేసేటోళ్లం అని చెప్పుకుని తిరుగుతాండారు. ఎవురు మంచోళ్లో ఎవురు దొంగలో మీకు తెలిసేదెట్ల? లైసెన్సుంటే మీ తరఫున పోలీస్ టేసన్లో, ఎంబసీలో నిలబడి మాట్లాడొచ్చు. మా సంతకానికి విలువుంటాది."

"నీకుందా ఆ లైసెన్సు?"

"లేదక్కా. ఇంకా ఎవురికీ లేదు."

"ఇంగేం మరి. నువ్వూ బ్రోకరువే."

అరుణజ్యోతి నవ్వేసింది.

"ఆ అనుమానం మీకు రాకూడదనే గదక్కా ఈ అర్జీ."

ఒక్కరూ వేలు ముందుకు చాపలేదు. సంజీవమ్మ చాపనిస్తే గదా.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు మహాతల్లి సంజీవమ్మ. ఇండియా విమానం ఎక్కించడానికి జోర్డాన్‌లోని అమ్మాన్‌కు బస్సులు పెడుతున్న మనవాళ్ల కమిటీలో నాగేంద్రప్రసాద్ అని ఒకాయన ఉంటే, పోయి ఆయన చెవిన వేసింది.

"సార్, ఒక బ్రోకరు మాతోబాటు బస్సెక్కుతాంది. వేలిముద్రలు అడుగుతాంది. దోవలో మమ్మల్ని యాడ అమ్ముతాదో ఏమో."

బయల్దేరే రోజు అందరూ ఎక్కాక నాగేంద్రప్రసాద్ అరుణజ్యోతిని మెట్టు మీదే ఆపాడు.

"సోషల్ వర్కర్ అని చెప్పుకుంటున్నారట. ఏదైనా కార్డు ఉందా?"

"లేదండీ."

"అయితే దిగండి. విచారించి తర్వాతి బస్సులో పంపిస్తాం."

ఆమె గొడవ పడలేదు. ఫైల్లోంచి ఒక కవరు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"వీళ్లకు పాస్‌పోర్టులు లేవు సార్. ఇది అమ్మాన్‌లో మన ఆఫీసరుకు ఇవ్వండి. మరచిపోవద్దు."

కిటికీ పక్కన కూర్చున్న సంజీవమ్మ, పీడ వదిలింది అనుకుంది. అనుకోవడమేమిటి, పైకే అనేసింది. కింద నిలబడ్డ మనిషికి వినపడే ఉంటుంది.

బస్రా, బాగ్దాద్ దాటి, ఎడారిలో నాలుగు రోజులు నానా తిప్పలు పడి అమ్మాన్ చేరారు. గుడారంలో బల్ల వెనక ఆఫీసరు కూర్చుని ఉన్నాడు.

"పాస్‌పోర్టు లేకుంటే విమానం ఎక్కనివ్వను. ఈమె ఫలానా అని, పాస్‌పోర్టు ఉన్న రక్తసంబంధీకులు ఎవరైనా రాసివ్వాలి. ఉన్నారా?"

ఉత్త చేతులతో వచ్చిన పనిమనిషికి ఇక్కడ చుట్టాలెవరు? ఇంటికి పోయే దారి ఈ బల్ల దగ్గరే మూసుకుపోయిందనుకుంది సంజీవమ్మ.

నాగేంద్రప్రసాద్‌కు అప్పుడు గుర్తొచ్చింది కవరు.

లోపల పదకొండు కాగితాలు. ఊరు, తల్లి పేరు, ఒంటిమీద గుర్తులు, అడుగున అరుణజ్యోతి సంతకం, ఆమె పాస్‌పోర్టు నంబరు.

"చెయ్యి చూపించమ్మా," అన్నాడు ఆఫీసరు. మచ్చ చూశాడు. కాగితాలన్నీ తిరగేసి చదివాడు. ఒకసారి పదకొండు మొహాలూ చూశాడు. ఏమీ అడగకుండా వరసగా ముద్రలు గుద్దేశాడు.

"సోషల్ వర్కర్ సంతకమైతే నేను తీసుకోలేకపోయేవాణ్ని. ఆ సంగతి ఈ అమ్మాయికి ముందే తెలిసినట్టుంది. ఇంతకీ ఏదీ, మీతో రాలేదా?"

సంజీవమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏం రాసిందో చదువు సార్," అంది నాగేంద్రప్రసాద్‌తో.

రాయచోటి సంజీవమ్మకూ, జగిత్యాల లస్మవ్వకూ, మదనపల్లె షరీఫా బీకీ, పదకొండు మందికీ, బంధుత్వం అన్నచోట 'సోషల్ వర్కర్' అన్న మాట కొట్టేసి 'సొంత చెల్లెలు' అని రాసి ఉంది.