అంచు దాకా గీత

“డిస్కులో మూడు వంతులే పాటలు. నాలుగో వంతంతా నీ తనిఖీ అంకెలే. రేపటి నుంచి అవి వద్దు, చోటు దండగ” అన్నారు, పాత రికార్డింగులు భద్రపరిచే మా కార్యాలయం అధికారి. ఆ మేరకు ఉత్తర్వు మీద సంతకానికి కలం మూత తీశారు.

“అవి లేకపోతే ఒక్క గీతకే పాట పోతుంది సార్. ఉంటే, చెరిగిపోయిన అంకెలను మిగిలినవాటితో లెక్కగట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు.”

“ఇవన్నీ పుస్తకాల్లో మాటలమ్మా.”

నేను సంచిలోంచి ఆ అంకెలున్న డిస్కు ఒకటి తీశాను. కంపాస్ ముల్లుతో నడిమి నుంచి అంచు దాకా గీశాను. గీత లోతుగానే పడింది.

యంత్రంలో పెట్టగానే ఒక ఆడగొంతు గదంతా మోగింది. “మళ్లీ గోడ మీద గీశావూ? ఎంత చెప్పినా వినవు కదే!”

ఒక్క అక్షరమూ చెదరలేదు.

ఆయన పకపకా నవ్వారు. “ఎవరి డిస్కు మీదో ఏమిటమ్మా నీ ప్రతాపం? నీకు ప్రాణమైనదాని మీద గీసి చూపించు, అప్పుడు నమ్ముతాను.”

“మా అమ్మ సార్. పోయి ఆరేళ్లయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.”

కంపాస్ ఆయన ముందుకు జరిపాను.

“నమ్మకం కుదరకపోతే ఇంకో గీత మీరు గీయండి.”

ఆయన కలం మూత కోసం బల్లంతా వెతుక్కున్నారు.