చిలక తెచ్చిన పండురసం

తెలివిలో నాకు తమ్ముడయ్యే ఉడుత ఒకటి జామచెట్టు మీద ఉండేది. పెళ్లిచూపులు దగ్గరపడుతుంటే తోక వెంట్రుకలు రాలుతున్నాయని దాని బెంగ.

ఒక చిలక వచ్చి, "సముద్రాల అవతలి పండురసం, తమ్ముడూ! రోజుకో చుక్క చాలు. నా మెరుపు చూడు!" అంది. చుక్కకు పది జామపళ్లు అడిగింది.

ఉడుత కడుపు మాడ్చుకుని చెట్టున పండిన ప్రతి పండూ దానికే ఇచ్చింది. వారం తిరిగేసరికి తోక పుల్లలా అయింది. కొమ్మ దూకబోతే కళ్లు తిరిగాయి. చిలక మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది.

"నువ్వు రోజుకెన్ని చుక్కలు తాగుతావు చిలకక్కా?" అని ఉడుత నీరసంగా అడిగింది.

"ఛీ, ఆ చేదు నేనెందుకు తాగుతాను?" అంది చిలక, నోటినిండా జామపండుతో. "నాకివి సరిపోతున్నాయిగా!"

ఉడుత పెళ్లిచూపులు పదిరోజులు వాయిదా వేయించుకుని, ఆ పూట నుంచే చిలక వాడే మందు మొదలుపెట్టింది.