ఎర్ర దారం డబ్బా

“ఆ ఎర్ర దారం డబ్బా సాల్మన్‌దేనా?” అన్నాడు భీమశంకరం, తెలిసే.

“వాడిదేనండీ,” అంది వ్యాను కిందనుంచి మెకానిక్ సలాం గొంతు.

“సింథటిక్ ఆయిలేనా?”

“అవునండీ.”

ఆకివీడులో చేపల వ్యాన్లు నడిపేవాళ్ళంతా సలాం షెడ్డుకే వస్తారు. ఇంజనాయిల్ మాత్రం ఎవరిది వాళ్ళే తాడేపల్లిగూడెం వెళ్ళి, బ్యారెల్లోంచి తెల్ల డబ్బాల్లో పట్టించుకొచ్చి, షెడ్డులో బల్ల మీద పెడతారు. పేర్లు రాసుకునే ఓపిక ఎవరికీ లేదు. చేపల ట్రేలకి కట్టినట్టే డబ్బా పిడికి ఒక వల దారం ముక్క కడతారు. సాల్మన్‌ది ఎరుపు. భీమశంకరానిది నీలం. నీలం డబ్బాలో ఎప్పుడూ మామూలు ఆయిలే ఉంటుంది.

“ఏంటయ్యా దాని గొప్ప?”

సలాం బయటికి జరిగి చేతులు తుడుచుకున్నాడు. “మీకు చాలాసార్లు చెప్పానండీ. మామూలు ఆయిల్ ముడి చమురుని శుద్ధి చేసి తీస్తారు. ఎంత చేసినా కాస్త మైనం, మడ్డి మిగిలిపోద్ది. సింథటిక్‌కి అసలు బేస్ ఆయిలే వేరు. ఫ్యాక్టరీలో తయారు చేస్తారు, అంతా ఒక్క తీరుగా ఉంటది. వేడికి తొందరగా పలచబడదు, మాడదు. మీ బండికి టర్బో ఉంది కదండీ, అది నిప్పులా కాలుద్ది. మామూలు ఆయిల్ అక్కడ మాడి బొగ్గైపోద్ది.”

“మరి ఇన్నేళ్ళుగా నా బండికేం కాలేదే?”

సలాం పానా కోసం వెతుక్కుంటూ ఉండిపోయాడు.

“సాల్మన్‌ది పాత బండి. దానికి టర్బోనే లేదు. వాడికెందుకంట సింథటిక్కు?”

“వాడి ఇష్టమండీ,” అని సలాం మళ్ళీ వ్యాను కిందికి దూరాడు.

ఇష్టం కాదు, పొగరు అనుకున్నాడు భీమశంకరం. సాల్మన్‌కి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది తనే. కొల్లేరు గట్ల మీద, ఇటు చెరువు, అటు చెరువు, మధ్యలో బండి పోనివ్వడం తన పక్కన కూర్చునే నేర్చుకున్నాడు వాడు. ఇప్పుడు చెరువు రైతులు ముందు వాడికే ఫోన్ చేస్తున్నారు. పైగా ఎదురుపడితే “గురువుగారూ” అని నవ్వుతాడు. ఆ పిలుపు వింటే చాలు, భీమశంకరానికి కడుపు మండిపోయేది.

దానికి తోడు పెద్ద వ్యాపారి శేషగిరిరావు ఇద్దరినీ పిలిచి ఒక మాట చెప్పాడు. “నా చెరువుల సరుకంతా ఒకళ్ళకే అప్పజెప్తాను. వేసవి దాకా చూస్తా. ఎవరి బండి ఆగకుండా తిరిగితే వాళ్ళకే.”

ఆ పని దొరికితే బేరాల కోసం సెంటర్లో పడిగాపులు కాయక్కర్లేదు. దొరక్కపోతే సొంత బండి అమ్ముకుని ఎవరి దగ్గరో డ్రైవర్‌గా చేరాల్సిందే. ఆ ఎవరో సాల్మన్ అయినా కావచ్చన్న ఊహకే భీమశంకరానికి అన్నం సహించేది కాదు.

ఒక శుక్రవారం ఇద్దరి బండ్లూ ఆయిల్ మార్చడానికి వచ్చి ఉన్నాయి. సలాం నమాజుకి బయల్దేరుతూ, “కాస్త షెడ్డు చూస్తుండండి, వచ్చి రెండు బండ్లకీ పోసేస్తాను,” అన్నాడు.

“అలాగేలే.”

సలాం మలుపు తిరగ్గానే భీమశంకరం లేచాడు. ఎర్ర దారం విప్పి తన డబ్బాకి కట్టాడు. నీలం దారం సాల్మన్ డబ్బాకి కట్టాడు. ముడులు సరిగ్గా పడ్డాయో లేదో లాగి చూసుకున్నాడు. సలాం రాగానే పనుందని చెప్పి ఇంటికెళ్ళి, సాయంత్రం వచ్చి బండి తీసుకున్నాడు.

ఆ రోజునుంచీ బండి వెన్నలా పోతోందనిపించింది అతనికి. మళ్ళీ ఆయిల్ మార్చే సమయం వచ్చినా, సింథటిక్ కదా, ఇంకొన్నాళ్ళు పనిచేస్తుందిలే అని నడిపాడు. సాల్మన్ బండి ఎప్పుడు మొరాయిస్తుందా అని ఎదురుచూశాడు. అది మొరాయించలేదు. అదొక్కటే బాధ.

ఎండలు ముదిరాక, శేషగిరిరావు సరుకుతో వస్తుంటే, గట్టు మీద భీమశంకరం బండే నీలం పొగ కక్కి ఆగిపోయింది. ఐసు కరుగుతోంది. వెనకే సాల్మన్ వచ్చాడు.

“ముందు చేపలు నా బండిలోకి ఎక్కిద్దాం గురువుగారూ. లోడు మీ పేరు మీదే దింపుతాను.”

అన్నట్టే దింపాడు. అందరి ముందూ మంచివాడనిపించుకోడానికి వేసిన ఎత్తని భీమశంకరానికి అర్థమైపోయింది. మర్నాడే శేషగిరిరావు పని సాల్మన్‌కిచ్చాడు. “నీ బండి ఆగింది, వాడిది ఆగలేదు. ఇందులో నేను చేసేదేముంది భీమశంకరం?” అన్నాడు.

షెడ్డులో సలాం ఇంజన్ విప్పి పెట్టాడు. లోపలంతా తారులాంటి మడ్డి. టర్బోలో చక్రం చేత్తో తిప్పితే తిరగడం లేదు.

“మామూలు ఆయిల్ మాడిపోయిందండీ. ఎందుకో నాకే అంతుపట్టడం లేదు,” అన్నాడు సలాం.

భీమశంకరానికి ఒళ్ళు మండింది. “మామూలు ఆయిలేంటి? అందులో ఉంది సాల్మన్ సింథటిక్కే. ఆ శుక్రవారం నువ్వు నమాజుకెళ్ళాక డబ్బాల దారాలు మార్చేశాను. ఏం, వాడి బండిలో అయితేనే పనిచేస్తుందా ఆ ఆయిల్?”

సలాం చేతిలో పానా కింద పెట్టేశాడు.

“మార్చేశారా?”

“మార్చాను. అయితే?”

“సాల్మన్ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడండీ,” అన్నాడు సలాం.

“ఏంటది?”

“మొదట్నుంచీ మీ బండిలో నేను పోసేది వాడి ఎర్ర దారం డబ్బానేనండీ.”