అతుక్కున్న పేజీలు

"మాస్టారూ, యోబు గ్రంథానికి ఏ వ్యాఖ్యానం కొనుక్కోమంటారు?"

బైబిలు కళాశాల మాస్టారు తడుముకోకుండా తన అలమారలోంచి లావుపాటి పుస్తకం తీసి, విద్యార్థిని చేతిలో పెట్టారు. "ఇరవై ఏళ్లుగా అందరికీ ఇదే చెప్తున్నా. దీన్ని మించింది లేదమ్మా."

"తెలుసండీ. మా నాన్న కూడా మీ దగ్గరే చదివారు. మీరు చెప్పారనే ఇది కొన్నారు. ఎన్నిసార్లు చదివినా తలకెక్కలేదట. తన బుర్రే మొద్దనుకుని, పాస్టరై ఉండీ యోబు మీద ప్రసంగించడమే మానేశారు," అంటూ ఆమె పుస్తకం తెరిచింది.

ముందుమాట తర్వాత పేజీలన్నీ, ప్రెస్సులో కోయకుండా వదిలేసిన అంచులతో, ఇంకా అతుక్కునే ఉన్నాయి.

ఆమె బల్ల మీది బ్లేడు అందుకుంది. "కోసేదా, మాస్టారూ?"

ఆయన తన ఫోన్ ఆమె ముందుకు జరిపారు.

"ముందు మీ నాన్నకి ఫోన్ కలపమ్మా. నేనింకా మొదలే పెట్టలేదని చెప్పాలి."