అడగని మాట

"బస్సు వచ్చేస్తోంది, పద," అంటూ మంగాయమ్మ కోడలి పెట్టె అందుకుంది. "తుఫాను గాలికి కొబ్బరికాయ రాలినట్టు మా ఇంట్లోకి వచ్చి పడ్డావు. ఇక పుట్టింట్లోనే ఉండు."

పక్కనే ఉన్న కొడుకు సూరిబాబు తల తిప్పుకున్నాడు. తొంభై ఆరు తుఫాను రాత్రి అతనూ విజయదుర్గా స్కూలు మేడమీద ఒంటరిగా చిక్కుకుపోయారు. పరువు పోయిందంటూ పెద్దలు పట్టుబట్టి ఇద్దరికీ పెళ్లి చేశారు. ఈ రెండు నెలలూ అతను భార్యతో మాట్లాడలేదు.

"వద్దు మొర్రో అంటున్నా మావాణ్ణి పీటలమీద కూర్చోబెట్టేరు!" అంది మంగాయమ్మ.

"నేనూ వద్దనే అన్నానండి అత్తయ్యగారూ," అంది విజయదుర్గ. "పీటలెక్కనంటే మా నాన్న కొబ్బరిమట్టతో కొట్టేడు. ఆ వాతలింకా పోలేదు."

సూరిబాబు ఉలిక్కిపడ్డాడు. "నువ్వూ వద్దన్నావా? నీకిష్టమే అనుకున్నాను."

"అడిగితే చెప్పేదాన్ని కదండీ."

మంగాయమ్మ పెట్టె కింద పెట్టేసింది.

రాజోలు బస్సు ఆగింది. సూరిబాబు భార్య ముఖంలోకి చూడలేక, నేల చూస్తూ అడిగాడు.

"మా ఇంట్లో ఉంటావా విజయా?"

"ఇప్పటికి అడిగేరు. ఆలోచించుకుని చెప్తానండి."

ఆమె పెట్టె తీసుకుని బస్సెక్కింది. సాయానికి చాచిన చెయ్యి సూరిబాబు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.