అత్తగారి పియానో, అల్లుడి క్లచ్చి

"క్లచ్చి! అత్తయ్యగారూ, క్లచ్చి!"

కారు రెండుసార్లు ఎగిరిపడి, నాలుగురోడ్ల కూడలిలో చచ్చూరుకుంది. వెనక హారన్లు మోగిపోయాయి. డ్రైవింగ్ స్కూల్ మాస్టారు తల పట్టుకున్నాడు. ఊరందరికీ కారు నేర్పిన మనిషి సొంత అత్తగారిని మాత్రం పరీక్ష గట్టెక్కించలేకపోతున్నాడు. "అత్తకే నేర్పలేనివాడు మనకేం నేర్పుతాడు?" అని చేరడానికొచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతున్నారు. సోమవారం పరీక్ష కూడా ఆవిడ తప్పిందంటే స్కూలుకి తాళం వేసుకోవాల్సిందే.

ఆ మంటలో నోరు జారాడు. "ఇక్కడ రెండు చేతులూ రెండు కాళ్ళూ తలో పని చెయ్యాలండీ. మీ పియానోలాగా కూర్చుని టకటకా కొట్టేస్తే కుదరదు."

పియానో టీచరైన అత్తగారు నింపాదిగా సీటుబెల్టు తీసేసింది.

"సాయంత్రం ఇంటికి రండి అల్లుడుగారూ. చిన్నపిల్లలు వాయించే పాట ఒక్కటిస్తాను. రెండు చేతులతో వాయించారా, ఈ జన్మలో స్టీరింగు ముట్టుకోను. వాయించలేకపోయారా, పరీక్షయ్యేదాకా నా మీద గొంతు లేపకూడదు."

సాయంత్రం కుడిచేత్తో పాట ఇట్టే వచ్చేసింది. "ఇంతేనా!" అంటూ సోఫాలో కూర్చున్న భార్యకేసి చూసి మీసం మెలేశాడు. ఎడమచేత్తోనూ వచ్చింది.

"ఇప్పుడు రెండూ కలిపి," అంది అత్తగారు.

అంతే! ఎడమచెయ్యి తన పాట గాలికొదిలేసి, బజార్లో తప్పిపోతానని భయపడే పిల్లాడిలా కుడిచెయ్యి వెంటపడింది.

"ఎడమది మెల్లగా, కుడిది గట్టిగా."

రెండూ గట్టిగా మోగాయి.

"కుడిది పాడుతోంది, ఎడమది జోకొడుతోంది అనుకోండి. ఆ చిటికెన వేలు గాల్లో ఏం చేస్తోంది?"

"తెలీదండీ. నా మాట వినట్లేదు."

"సరే, లోపల లెక్కపెట్టుకుంటూ వాయించండి."

లెక్కపెడితే వేళ్ళు ఆగిపోయాయి. వేళ్ళు కదిలితే లెక్క పోయింది. కంగారులో, అలవాటుకొద్దీ పియానో కింద ఉన్న పెడల్‌ని అడుగంటా తొక్కేశాడు. స్వరాలన్నీ ఒకదానిమీదొకటి పడి హాలంతా హోరెత్తింది.

"ఏమండీ, ఫ్యాను పెంచనా?" అంది భార్య, దిండు చాటున నవ్వు దాచుకుంటూ.

"కాలు తియ్యండి బాబూ! అలా తొక్కిపెడితే పాత స్వరం కొత్తదాంట్లో కలిసిపోతుంది. కొత్తది అందుకుంటూ పాతదాన్ని మెల్లగా వదలాలి. ఉన్నపళంగా కాదు," అంది అత్తగారు.

అల్లుడు కొయ్యబారిపోయాడు. "అత్తయ్యగారూ, ఇది హాఫ్ క్లచ్చి!"

"అంటే?"

"క్లచ్చి మీంచి కాలు మెల్లగా వదలమని కారులో నేను మీకు మొత్తుకుంటున్నది ఇదేనండీ!"

"మరి ఆ ముక్క ఇలా చెప్పచ్చుగా! ఊరికే అరుస్తారేం?"

అతనికి సిగ్గేసింది. కళ్ళు మూసుకుని వాయించినా ఆవిడ వేళ్ళు అంత తేలిగ్గా కదలడం వెనక ఎంత చాకిరీ ఉందో ఇన్నాళ్ళూ అతనికి తట్టనే లేదు. ఓడిపోయానని అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు.

మర్నాటి నుంచి కారులో అరుపుల్లేవు. "కొత్త గేరు అందుకోండి... పాదం మెల్లగా వదలండి... బ్రేకు మీద జోకొట్టండి." కారు ఎగరడం మానేసింది.

సోమవారం వచ్చింది. పరీక్ష పెట్టే మైదానంలో ఇన్‌స్పెక్టరు పక్కసీట్లో కూర్చోగానే అత్తగారు సీటుబెల్టు మూడుసార్లు పెట్టి మూడుసార్లు తీసింది. అల్లుడు కిటికీలోంచి తల దూర్చాడు.

"అత్తయ్యగారూ, ఇది కారు అనుకోకండి, పియానో అనుకోండి. భయం పక్కన పెట్టి, మనసారా వాయించెయ్యండి."

కారు నీళ్ళమీద పడవలా కదిలింది. ఒక్క కుదుపు లేదు. గేరు మారినట్టే తెలియలేదు. మైదానమంతా చుట్టి, బయల్దేరిన చోటికే వచ్చి మెత్తగా ఆగింది. గేటు దగ్గర నిలబడ్డ అల్లుడికి కళ్ళు చెమర్చాయి. స్కూలు నిలబడింది!

అత్తగారు తన్మయత్వంతో దిగింది. ఇన్‌స్పెక్టరు దిగడానికి మాత్రం కొంచెం సేపు పట్టింది. చొక్కా తడిసి ముద్దయిపోయింది.

"మా అత్తగారి క్లచ్చి ఎలా ఉంది సార్?" అన్నాడు అల్లుడు ఆత్రంగా.

"బ్రహ్మాండం! గేర్లూ బ్రహ్మాండమే. ఇంత మెత్తటి బ్రేకు నా సర్వీసులో చూళ్ళేదు."

"అయితే పాసేనా సార్?"

"పాసెలా అవుతుందయ్యా? స్టీరింగు మొత్తం నేనే తిప్పాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుంటూ. "ఆవిడ బయల్దేరినప్పుడు మూసుకున్న కళ్ళు దిగేదాకా తెరిస్తేగా!"